చెమట పట్టిన వాళ్లకే కషాయం

సౌపింగ్ దగ్గరికెళ్లి ఒక గిన్నె కషాయం అడిగితే వెంటనే పోసేస్తుందనుకుంటున్నారా? పొయ్యదు గాక పొయ్యదు. ముందు నాలుక చాపమంటుంది. చాపాక చెయ్యి ముందుకి పెట్టమంటుంది. మోచేతి కింద తన అరచెయ్యి ఒక్క క్షణం ఆనించి చూస్తుంది. చెమట తగిలితే రాగి కాగు కొళాయి తిప్పుతుంది. తగలకపోతే మాత్రం, మీరెవరైనా సరే, ఎంత తొందరలో ఉన్నా సరే, నీడలో స్టూలు మీద కూర్చోవలసిందే.

"డబ్బిచ్చి తాగడానికొచ్చాను పింగక్కా, సంబంధానికి రాలేదు. ఈ పరీక్షలేంటి?" అని మొన్న ఒక బ్యాంకు గుమాస్తా ఎగిరిపడ్డాడు.

"సంబంధానికొస్తే ఇంతసేపు చూడను నాయనా, మొహం చూసే పంపించేస్తాను. నాలుక అంతా తెల్లటి పూత. నీకు వేడి కాదు, కడుపులో చలి. ఈ కషాయం తాగావంటే రేపు మరుగుదొడ్డి వదలవు. పో, అల్లం వేసి గంజి కాచుకుని తాగు."

వచ్చిన బేరాన్ని ఇలా తిట్టి మరీ తోలేసే మనిషి గ్వాంగ్‌జౌ పడమటి పేట మొత్తం వెతికినా ఇంకొకరు దొరకరు. అయినా మా బూరుగుచెట్టు సందులో ఎవరికి ఒళ్లు వేడి చేసినా, గొంతు మండినా, నోరు పూసినా కాళ్లు ఆ కొట్టు వైపే లాగుతాయి. రెండు రాగి కాగులు. ఒకదాంట్లో ఇరవైనాలుగు మూలికల కషాయం, నల్లగా, చేదుగా, పొగలు కక్కుతూ. ఎండాకాలమైనా వేడిగానే తాగాలి. రెండోదాంట్లో చామంతి, బూరుగు, దేవగన్నేరు, ఇంకా రెండు పూలు వేసి కాచిన తియ్యటి కషాయం, పిల్లలకీ చేదు పడనివాళ్లకీ. దీన్ని చల్లార్చి కూడా పోస్తుంది.

నాలుక చూడటం అత్తగారు నేర్పిన విద్య. ఆ ముసలావిడ నాలుక చూసి, నిన్న రాత్రి ఏం తిన్నావో చెప్పేసేది. మిగతావన్నీ కూడా ఆవిడవే: మహా ఎండ రోజులొస్తే పొద్దున్నే అల్లం ముక్క నమలాలి, మధ్యాహ్నం పెసలూ సముద్రపు నాచూ కలిపి ఉడికించిన జావ, సాయంత్రం బూడిద గుమ్మడి పులుసు. ఐసునీళ్లు ముట్టుకుంటే ఒంటికాలి మీద లేచేది. చెమటతో వచ్చినవాడు వెంటనే స్నానం చేస్తానంటే చీపురు తీసేది. ఇప్పుడు సౌపింగ్ కూడా అంతే. ఒక్క స్నానం విషయంలో తప్ప.

కానీ చేతి కింద అరచెయ్యి పెట్టి చూసే అలవాటు అత్తగారిది కాదు. అది సౌపింగ్ సొంతం. ఇరవైమూడేళ్ల కిందట పట్టుకుంది. కొట్టు గుమ్మం పక్కన, ఎండాకాలం వచ్చిందంటే, మూతపెట్టిన ఒక నీళ్ల పీపా, దాని మీద బోర్లించిన ఎర్ర బకెట్టూ కూడా అప్పటినుంచే ఉంటున్నాయి. ఆ నీళ్లతో గిన్నెలు కడగనివ్వదు, మొక్కలకి పొయ్యనివ్వదు. "అదేంటి తల్లీ, పీపాకి పూజ చేస్తావా?" అని పక్కింటి నాలుగో మామ్మ ఎన్నిసార్లు దెప్పిందో! సౌపింగ్ నవ్వి ఊరుకునేది. రోజూ పొద్దున పాత నీళ్లు పారబోసి కొత్త నీళ్లు పట్టేది.

ఆ పీపా ఎందుకో తెలిసినవాడు సందులో ఒకే ఒక్కడు అనుకునేది సౌపింగ్. ఎదురుగా రేకుల పంచలో ఫ్యాన్లు బాగుచేసే మక్ తిన్‌యౌ. తెలిసినా అతను ఏనాడూ ఆ మాట ఎత్తలేదు.

ఇరవైమూడేళ్ల కిందట, పంచాంగంలో మహా ఎండ అని రాసిన రోజే అది జరిగింది. సౌపింగ్ మొగుడు కమ్‌సుయ్ బట్టల టోకు బజారులో బేళ్లు మోసేవాడు. మనిషి దున్నలా ఉండేవాడు, జలుబు కూడా చేసి ఎరగడు. మధ్యాహ్నం మూడింటికి, రావలసిన వేళ కాని వేళ, ఇంటికొచ్చాడు. మొహం ఎర్రగా కందిపోయి ఉంది. పెళ్లాన్ని చూసి "అమ్మా" అని పిలిచి నవ్వాడు. గుమ్మంలోనే కూలబడ్డాడు.

సౌపింగ్‌కి కంగారు పుట్టింది గానీ భయం పుట్టలేదు. ఎండదెబ్బ ఎన్ని చూడలేదు ఆ కొట్టులో! అత్తగారు ఊళ్లో లేదు, కూతురి పురిటికి వెళ్లింది. అయితేనేం, కోడలికి అన్నీ వచ్చు. చొక్కా విప్పదీసి, పింగాణీ చెంచాకి నూనె రాసి, వీపు మీద పైనుంచి కిందకి గీకడం మొదలుపెట్టింది. ఇంతలో ఎదురింటి మక్ బకెట్టు నిండా కొళాయి నీళ్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"తప్పుకో చెల్లెమ్మా, పోసేస్తాను!"

"వద్దు అన్నయ్యా! నీకేమైనా మతిపోయిందా? ఇంత వేడి మీద చన్నీళ్లు పోస్తే చర్మం మూసుకుపోదూ? వేడి మొత్తం లోపలికి తన్నేసి గుండెని పట్టుకుంటుంది. దించు, అక్కడ దించెయ్యి!"

మక్ ఒక్క క్షణం నిలబడ్డాడు. బకెట్టు దించేశాడు.

వీపు మీద ముదురెరుపు చారలు తేలాయి. "చూశావా, వేడి బైటికొచ్చేస్తోంది," అంది సౌపింగ్, సంబరంగానే అంది. పొగలు కక్కే కషాయం చెంచాతో నోట్లో పోసింది. సగం పక్కకి కారిపోయింది. దుప్పటి కప్పింది, చెమట పడుతుందని. చెమట పట్టలేదు. ఒళ్లు పెనంలా కాలుతోంది, చర్మం మీద ఒక్క బొట్టు తడి లేదు. అదే మంచి గుర్తు అనుకుందో, అసలు గమనించలేదో, ఇప్పటికీ ఆమెకే తెలియదు. దీపాలు పెట్టేవేళకి కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది. అప్పుడు ఆసుపత్రికి మోసుకెళ్లారు. మర్నాడు తెల్లారేసరికి కమ్‌సుయ్ లేడు.

వరండాలో డాక్టరు, పాపం తిట్టలేదు, తప్పుపట్టలేదు. తనలో తను అనుకున్నట్టు అన్నాడు: "మొదటి అరగంటలో నీళ్లు పోసి చల్లబరిచి ఉంటే..." అంతే, ఆ మాట పూర్తి చెయ్యకుండానే వెళ్లిపోయాడు. సౌపింగ్ ఏడవలేదు. ఇంటికొస్తే గుమ్మం పక్కన బకెట్టు అలాగే ఉంది. నీళ్లు ఎండకి కాగి, తెల్లారేసరికి మళ్లీ చల్లబడి, మీద నాలుగు ఆకులు తేలుతున్నాయి.

అత్తగారు వచ్చి కొడుకు శవం మీద పడి ఏడ్చింది గానీ కోడల్ని ఒక్క మాట అనలేదు. అనడానికేముంది? ఆవిడ ఉన్నా అదే చేసేది. సందులో వాళ్లంతా "చెయ్యవలసిందంతా చేశావు తల్లీ" అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా సౌపింగ్ లేచి లోపలికి వెళ్లిపోయేది. డాక్టరన్న మాట ఆమె ఎవరికీ చెప్పలేదు, అత్తగారికి కూడా.

మైల నలభైతొమ్మిది రోజులూ కొట్టు తెరవలేదు. కాగులు అమ్మేద్దామనుకుంది. యాభయ్యో రోజున నాలుగో మామ్మ మనవరాలు నోరంతా పుండ్లతో ఏడుస్తూ గుమ్మంలో నిలబడింది. సౌపింగ్ పూల కషాయం కాచి ఇచ్చింది. రెండు రోజుల్లో పిల్ల అన్నం తింది. అప్పుడు ఆమెకి ఒక సంగతి అర్థమైంది. మనిషిని చంపింది మూలికలు కాదు. పనికొచ్చే చోట అవి బంగారంలా పనికొస్తాయి. పనికిరాని చోట వాటినే పట్టుకు వేళ్లాడింది తను, అడ్డుపడింది తన నోటి మాట. కాబట్టి కొట్టు మూసెయ్యడం కాదు, ఎక్కడ ఆగాలో తెలుసుకోవాలి. ఒళ్లు కాలుతూ చెమట ఆగిపోయిందంటే అక్కడితో కషాయం పని సరి. ఆ రోజే పీపా కొంది.

ఆ తరవాత ఇరవైమూడేళ్లు ఆమె రెండు భయాలతో బతికింది. మళ్లీ అలాంటి మనిషి గుమ్మంలో కూలితే, అందరూ వద్దని అరుస్తుంటే, తన చేతులు ఆడతాయా ఆడవా అని ఒకటి. రెండోది మక్. రోజూ పదింటికి వచ్చి నాలుక చాపి, చెయ్యి చూపించి, చేదు కషాయం ఒక్క గుక్కలో తాగి, ఊరవేసిన పండు ముక్క నోట్లో వేసుకుని పోతాడు. పీపా వైపు మాత్రం చూడడు. చూడకపోవడంలోనే అంతా ఉందనుకునేది సౌపింగ్. మొగుణ్ణి చేజేతులా పోగొట్టుకుందని ఆ మనిషికి తెలుసు, మర్యాదకి నోరు మూసుకున్నాడు అనుకునేది. ఒక్కసారి నోరు తెరిచి తిట్టినా బాగుణ్ణు అనిపించేది.

ఈ ఏడు మళ్లీ మహా ఎండ రోజు వచ్చింది. పొద్దున్నే గాలి బిగుసుకుపోయింది. వాన ఎప్పుడు పడుతుందా అని సందంతా ఆకాశం వైపు చూస్తోంది. మక్ పదింటికి వచ్చాడు. అరవైయెనిమిదేళ్లొచ్చాయి, రక్తపోటు మాత్రలు మింగుతున్నాడు, అయినా పని మానడు. ఊళ్లో ఫ్యాన్లన్నీ ఆ రోజే చెడిపోయినట్టు పంచ నిండా ఫ్యాన్లే.

"ఇంతమందికి గాలి ఇచ్చేవాడివి, నీ మీదకి ఒక్కటి తిప్పుకోవచ్చు కదా అన్నయ్యా?"

"నా మీదకి తిప్పుకుంటే స్క్రూలు ఎగిరిపోతాయి. నాలుక చూస్తావా, ముచ్చట్లు పెడతావా?"

"నీ నాలుకలో చూడ్డానికేముంది, పొడుగు తప్ప." చెయ్యి ఆనించింది. చెమట ధారగా ఉంది. "తాగు. మధ్యాహ్నం పడుకో. ఆ రేకుల కింద కూర్చున్నావంటే మర్యాదగా ఉండదు."

అతను సరేనన్నాడు. పడుకోలేదు. ఫ్యాన్ల కోసం జనం వస్తూనే ఉన్నారు.

మూడు దాటాక సందు నిర్మానుష్యమైంది. కొట్టు ముందు నీడలో నాలుగో మామ్మ ఒక్కతే తాటాకు విసనకర్రతో విసురుకుంటూ కునుకుతోంది. సౌపింగ్ సాయంత్రం బేరానికి పూల కషాయం రెండు పెద్ద డేగిసాల్లో చల్లారబెడుతోంది. తలెత్తి చూస్తే మక్ సందు దాటి వస్తున్నాడు. కాళ్లకి చెప్పుల్లేవు. అంత ఎండలో, కాలే రాళ్ల మీద, నెమ్మదిగా, నవ్వుకుంటూ వచ్చాడు.

"చెల్లెమ్మా, కమ్‌సుయ్ లేచాడా? బజారుకి పోదామన్నాడు."

సౌపింగ్ గరిటె వదిలేసి అతని చెయ్యి పట్టుకుంది. కాలిపోతోంది. పొడిగా, కాగితంలా ఉంది. ఆ చెయ్యి ఆమె చేతిలో ఉండగానే అతను గుమ్మంలో కుప్పకూలాడు.

నాలుగో మామ్మ ఉలిక్కిపడి లేచింది. "అయ్యో అయ్యో, ఎండదెబ్బ! చెంచా తే పింగూ, నూనె తే! వేడి కషాయం పొయ్యి నోట్లో!" అని కేకలు. ఆ కేకలకి నలుగురూ తలుపులు తీసుకుని వచ్చారు. సౌపింగ్ పీపా మూత లాగేసింది. బకెట్టు ముంచింది. మామ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఏం చేస్తున్నావే? చన్నీళ్లా? చర్మం మూసుకుపోయి వేడి లోపలికి తన్నేస్తుందని మాకు చెప్పిందే నువ్వు కదే! ఆ రోజు మీ ఆయనకి పొయ్యనిచ్చావా? దించు, అక్కడ దించెయ్యి!"

ఆమె మాటే, అక్షరం పొల్లు పోకుండా, మళ్లీ ఆమె చెవిలోనే పడింది. ఒక్క క్షణం సౌపింగ్ చేతులు బిగుసుకుపోయాయి. బకెట్టు అంచు వేళ్లని కోస్తోంది. కమ్‌సుయ్ గుమ్మంలో పడున్నట్టే ఉంది.

"ఆ రోజు తప్పు చెప్పాను మామ్మా," అంది. ఇరవైమూడేళ్లలో మొదటిసారి, నలుగురిలో, గట్టిగా అంది. "నా మాట వల్లే పోయాడు. చెయ్యి వదులు!"

మామ్మ చెయ్యి వదిలేసింది. సౌపింగ్ నీళ్లు కుమ్మరించింది. తల మీద, మెడ మీద, గుండె మీద. మళ్లీ ముంచింది, మళ్లీ పోసింది. "అంబులెన్సుకి ఫోను చెయ్యండి! నోట్లో చుక్క కూడా పొయ్యకండి, తెలివిలో లేడు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది! చేపల కొట్టుకెళ్లి ఐసు తీసుకురండి!" పీపా ఖాళీ అయింది. ఆ వేళప్పుడు మా సందు కొళాయిల సంగతి తెలిసిందే కదా, సన్నటి దారంలా వస్తున్నాయి నీళ్లు. ఆమె వెనక్కి తిరిగింది. చల్లారబెట్టిన డేగిసా రెండు చేతులతో ఎత్తుకొచ్చి మక్ ఒంటి మీద ఒంపేసింది. ఆ తరవాత రెండోది. తడిసిన చామంతి రేకులు అతని చొక్కాకి అంటుకుపోయాయి.

"ఆ ఫ్యాన్లు! పంచలో ఉన్నవన్నీ తెచ్చి అన్నయ్య మీదకి తిప్పండి!"

బాగైనవీ సగం బాగైనవీ ఏడు ఫ్యాన్లు, ఎవరెవరివో, తీగలు లాగి, వరసగా పెట్టి తిప్పారు. కొన్ని కిచకిచమన్నాయి, ఒకటి మెడ వాల్చేసింది. తడి ఒంటి మీద గాలి కొట్టింది. చంకల్లో, మెడ కింద చేపల వాసన కొట్టే ఐసు పెట్టారు. నాలుగో మామ్మ ఏడుస్తూనే పక్కన చతికిలబడి తన తాటాకు విసనకర్రతో విసరడం మొదలుపెట్టింది. అంబులెన్సు వచ్చేదాకా ఎవరూ ఆపలేదు.

నాలుగో రోజుకి గానీ మక్‌ని చూడనివ్వలేదు. సౌపింగ్ తామరాకు వేసి కాచిన పల్చటి గంజి టిఫిను డబ్బాలో పట్టుకెళ్లింది. మనిషి వడిలిపోయి ఉన్నాడు గానీ కళ్లలో వెలుగు ఉంది.

"నా చొక్కా అంతా చామంతి వాసనట. నర్సమ్మ నవ్వింది. ఒక పూట బేరం నా మీదే ఒంపేశావు."

"నీ నోరు బాగుపడింది, ఇంక ఒళ్లు కూడా బాగుపడుతుంది." డబ్బా మూత తీసి చెంచా చేతికిచ్చింది. అతను నాలుగు చెంచాలు తాగాడు. అప్పుడు మక్ చెంచా కింద పెట్టేశాడు.

"చెల్లెమ్మా. ఇందాక పొద్దున మామ్మ వచ్చి చెప్పింది, నువ్వు నలుగురిలో ఏమన్నావో. తప్పు నీదన్నావట."

"నాదే కదా అన్నయ్యా. నీకు తెలీదా?"

"నీకు తెలీనిది ఒకటుంది." అతను గోడ వైపు చూస్తూ చెప్పాడు. "ఈ ఫ్యాన్ల పనికి ముందు నేను గాజు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర చేశాను. అక్కడ ఎండాకాలంలో మనుషులు పడిపోయేవాళ్లు. పడగానే ఎత్తుకెళ్లి నీళ్ల తొట్లో దింపేవాళ్లు. నేనే ఇద్దర్ని దింపాను. ఇద్దరూ బతికారు. ఆ రోజు బకెట్టు ఊరికే తేలేదు నేను. తెలిసే తెచ్చాను."

సౌపింగ్ చేతిలోని డబ్బా మూత మంచం మీద పెట్టేసింది.

"నువ్వు వద్దన్నావు. నీ మాట నమ్మి దించలేదు. పోశాక ఏమన్నా అయితే సందంతా నన్నంటారు, కషాయం కొట్టువాళ్ల మాట కాదని చంపాడంటారు అని భయపడి దించేశాను. ఆ పీపా వైపు ఇన్నేళ్లు అందుకే చూడలేకపోయాను. నువ్వు నన్ను దెప్పడానికే పెట్టావనుకున్నాను."

ఆమెకి ముందు వచ్చింది కోపమే. ఒళ్లు మండిపోయింది. ఇరవైమూడేళ్లు! ఎదురూబొదురూ కూర్చుని, రోజూ మొహం చూసుకుంటూ, ఒకే బకెట్టుని చెరోవైపు పట్టుకుని మోశారు, ఒకరికి తెలియకుండా ఒకరు. ఈ మాట ముందే చెప్పి ఉంటే సగం రాత్రులైనా నిద్రపోయేది కదా! తిట్టడానికి నోరు తెరిచింది. ఎదురుగా ఉన్న ముసలి మొహం చూసి తిట్టలేకపోయింది. తనూ చెప్పలేదు కదా, తను మాత్రం ఏం చెప్పింది?

"ఆ రోజు నువ్వు నా మాట వినకుండా పోసి ఉంటే," అంది చివరికి, "ఆ బకెట్టుతోనే నిన్ను కొట్టేదాన్ని అన్నయ్యా."

"కొట్టించుకునైనా పోయాల్సింది," అన్నాడు మక్.

అతని మోచెయ్యి దుప్పటి మీద ఉంది. ఆమె అరచెయ్యి అలవాటుగా దాని కిందకి వెళ్లింది. తడి తగిలింది. "చెమట పడుతోంది," అంది సౌపింగ్. ఆ మాట అనగానే, కమ్‌సుయ్ పోయిన నాడు ఆసుపత్రి వరండాలో రాని ఏడుపంతా ఇప్పుడొచ్చింది. మక్ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.